కణరహిత కణితి మాతృక

శస్త్రచికిత్సలో తొలగించిన కణితి ముక్కలోంచి కణాలన్నిటినీ కడిగివేసి, వాటి చుట్టూ ఉన్న ప్రొటీన్ల అల్లికను మాత్రం చెదరకుండా మిగుల్చుకుంటే లభించే పదార్థమే కణరహిత కణితి మాతృక. కణాలను ఇలా తొలగించే ప్రక్రియ పేరు డీసెల్యులరైజేషన్. తీగను లాగేసినా పందిరి నిలిచినట్టు, కణాలు పోయినా కణితి ఆకారం, నారల అమరిక, గట్టిదనం, రక్తనాళాల దారులు చాలావరకు మిగిలే ఉంటాయి. తెల్లగా, కొంత పారదర్శకంగా కనిపించే ఈ పందిరి మీద మళ్లీ కణాలను పెంచి, క్యాన్సర్ ఎలా పెరుగుతుందో, ఎలా పాకుతుందో, మందులకు ఎందుకు లొంగదో పరిశోధకులు పరిశీలిస్తారు.

కణం చుట్టూ ఉన్న అల్లిక

శరీరంలోని కణాలు ఒకదానికొకటి నేరుగా అతుక్కుని మాత్రమే ఉండవు. వాటి చుట్టూ, వాటి మధ్య అవే స్రవించిన పదార్థాలతో ఏర్పడిన వల ఉంటుంది. దీన్నే కణబాహ్య మాతృక, ఎక్స్‌ట్రాసెల్యులార్ మ్యాట్రిక్స్ అంటారు. కొల్లాజెన్ దీనికి బలాన్నిస్తుంది, ఎలాస్టిన్ సాగే గుణాన్నిస్తుంది. ఫైబ్రోనెక్టిన్, లామినిన్ వంటి ప్రొటీన్లు కణాలు పట్టుకోవడానికి కొక్కేల్లా పనిచేస్తాయి. హయలురోనిక్ ఆమ్లం, ప్రొటియోగ్లైకాన్లు నీటిని పట్టి ఉంచుతాయి. 2012లో అమెరికాలోని ఎంఐటీలో అలెక్సాండ్రా నాబా, రిచర్డ్ హైన్స్ బృందం ఈ భాగాలన్నిటికీ 'మ్యాట్రిసోమ్' పేరుతో ఒక పట్టిక తయారుచేసింది. మాతృకను నేరుగా నిర్మించే ప్రొటీన్లు మనిషిలో సుమారు 300. వాటిని మార్చే, కత్తిరించే, వాటికి అంటిపెట్టుకునే ప్రొటీన్లను కూడా కలిపితే వాటికి సంబంధించిన జన్యువులు వెయ్యి దాటుతాయి.

మాతృక కేవలం ఆధారం కాదు, సమాచార వాహకం కూడా. కణత్వచంలోని ఇంటిగ్రిన్లు అనే గ్రాహకాలు ఒకవైపు మాతృకను, మరోవైపు కణం లోపలి అస్థిపంజరాన్ని పట్టుకుని ఉంటాయి. బయటి నార గట్టిగా ఉందా, మెత్తగా ఉందా అన్న కబురు వీటి ద్వారానే కేంద్రకం దాకా చేరుతుంది. మాతృకలోని ప్రొటీన్లు, వాటికి అంటిన చక్కెర గొలుసులు టీజీఎఫ్-బీటా, వీఈజీఎఫ్ వంటి వృద్ధి కారకాలను నిల్వ ఉంచి, ఎంజైములు కోసినప్పుడు వదులుతాయి.

కణితిలో ఈ అల్లిక స్వరూపమే మారిపోతుంది. కొల్లాజెన్ అధికంగా పేరుకుంటుంది. లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైము ఆ నారలను అడ్డంగా కుట్టేసి గట్టిపరుస్తుంది. రొమ్ములో గడ్డను చేతితో తడిమి గుర్తించగలగడానికి ఈ గట్టిదనమే కారణం. ఆరోగ్యంగా ఉన్న రొమ్ము కణజాలం గట్టిదనం వంద నుంచి రెండు వందల పాస్కల్స్ స్థాయిలో ఉంటే, కణితిది కొన్ని వేల పాస్కల్స్‌కు చేరుతుంది. నారల దిశ కూడా మారుతుంది. కణితి అంచుకు లంబంగా, బయటికి దారి చూపుతున్నట్టు నారలు నిలిచిన రొమ్ము క్యాన్సర్లలో రోగి పరిస్థితి విషమించే అవకాశం ఎక్కువని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ప్రచురించారు.

విత్తనం, నేల

క్యాన్సర్‌లో కణంతో పాటు దాని పరిసరాలకూ పాత్ర ఉందన్న ఆలోచన కొత్తది కాదు. ఇంగ్లండ్ వైద్యుడు స్టీఫెన్ పేజెట్ 1889లో రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది శవపరీక్షల వివరాలను పరిశీలించాడు. వ్యాధి కాలేయానికి పాకిన కేసులు 241 ఉంటే, ప్లీహానికి పాకినవి 17 మాత్రమే. రక్తంతో పాటు కొట్టుకుపోయిన కణాలు ఎక్కడపడితే అక్కడ మొలకెత్తేట్టయితే ఇంత తేడా ఉండకూడదు. విత్తనం అన్ని దిక్కులా పడినా అనుకూలమైన నేల మీదే మొలుస్తుందని పేజెట్ తేల్చాడు.

1980లలో ఈ ఆలోచనకు ప్రయోగ బలం వచ్చింది. కోళ్లలో కణితులు పుట్టించే రౌస్ సార్కోమా వైరస్‌ను కోడిపిల్ల పిండంలోకి ఎక్కిస్తే కణాలకు వైరస్ సోకినా కణితి ఏర్పడలేదు. అవే కణాలను విడదీసి పళ్లెంలో పెంచితే క్యాన్సర్ లక్షణాలు బయటపడ్డాయి. ఈ ప్రయోగాన్ని 1984లో ప్రచురించిన వారిలో మినా బిస్సెల్ ఒకరు. కణం మాతృకను నిర్మిస్తుందనీ, మాతృక తిరిగి కణం తీరును నిర్ణయిస్తుందనీ ఆమె అప్పటికే ప్రతిపాదించి ఉన్నారు. 1986లో హెరాల్డ్ ద్వోరాక్ కణితులను మానని గాయాలతో పోల్చాడు. గాయం మానడానికి శరీరం నిర్మించే అల్లికే కణితిలో ఆగకుండా పెరుగుతూ పోతుందన్నది ఆయన వాదన.

పళ్లెంలో పెంచిన కణాల కొరత

ఇంత తెలిసినా ప్రయోగశాలల్లో క్యాన్సర్ కణాలను ఎక్కువగా పెంచింది ప్లాస్టిక్ పళ్లేల్లోనే. ప్లాస్టిక్ శరీరంలోని మెత్తని కణజాలాల కంటే లక్షల రెట్లు గట్టిది, పైగా చదునుగా ఉంటుంది. దాని మీద ఒకే పొరగా పెరిగిన కణానికి మందు అన్ని వైపుల నుంచీ సమానంగా అందుతుంది. అసలు కణితిలో మందు దట్టమైన నారల్ని దాటి వెళ్లాలి. పళ్లెంలో బాగా పనిచేసిన మందు మనిషిలో విఫలం కావడానికి ఉన్న అనేక కారణాల్లో ఇదొకటి. క్లినికల్ ట్రయల్స్‌లోకి అడుగుపెట్టిన క్యాన్సర్ మందుల్లో పదింట తొమ్మిదికి పైగా ఆమోదం దాకా చేరవు.

మూడు కొలతల్లో కణాలను పెంచడానికి ఎక్కువగా వాడే పదార్థం మ్యాట్రిజెల్. ఎంగెల్‌బ్రెత్-హోల్మ్-స్వార్మ్ అనే ఎలుక కణితి నుంచి దీన్ని తీస్తారు. ఇందులో సుమారు 60 శాతం లామినిన్, 30 శాతం నాలుగో రకం కొల్లాజెన్. 1,800కు పైగా ప్రొటీన్లు ఇందులో ఉన్నట్టు 2010లో ఒక విశ్లేషణ తేల్చింది. ఒక విడతకూ మరో విడతకూ కూర్పు మారుతుంది. అన్నిటికీ మించి అది ఎలుక పదార్థం. మనిషి పేగులోని కణితికో, క్లోమంలోని కణితికో అది ప్రతినిధి కాలేదు. కణితి సొంత మాతృకనే వాడాలన్న ప్రయత్నం ఈ కొరత నుంచే పుట్టింది.

డీసెల్యులరైజేషన్ పుట్టుక

ఈ పద్ధతి క్యాన్సర్ పరిశోధన కోసం పుట్టినది కాదు. 1970లలో కణజాలాల ఆధార పొరలను విడిగా అధ్యయనం చేయడానికి డిటర్జెంట్లతో కణాలను తొలగించడం మొదలైంది. తర్వాత పునరుత్పాదక వైద్యం దాన్ని అందిపుచ్చుకుంది. పంది చిన్నపేగు పొర నుంచి కణాలు తీసివేసి, మిగిలిన మాతృకను గాయాలకు అతుకుగా వాడే మార్గాన్ని స్టీఫెన్ బాడిలాక్ అభివృద్ధి చేశాడు. 2008లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో హరాల్డ్ ఓట్, డోరిస్ టేలర్ బృందం ఎలుక గుండెలోని రక్తనాళాల గుండా డిటర్జెంట్ పంపి కణాలన్నిటినీ కడిగేసింది. మిగిలిన చట్రంలో కొత్త కణాలను నింపితే 4 రోజులకు అది కొట్టుకోవడం మొదలుపెట్టింది. 2010లో కాలేయం, ఊపిరితిత్తుల మీద ఇలాంటి ప్రయోగాలే వెలువడ్డాయి. అవయవాలను తిరిగి కట్టడానికి రూపొందిన ఈ పద్ధతిని వ్యాధిని అర్థం చేసుకోవడానికి మళ్లించడంతో కణరహిత కణితి నమూనాలు వచ్చాయి.

తయారీ విధానం

ముడి పదార్థం మూడు చోట్ల నుంచి వస్తుంది. మొదటిది, రోగి సమ్మతితో శస్త్రచికిత్స గది నుంచి వచ్చే కణితి ముక్క. వీలైతే దానికి దూరంగా ఉన్న ఆరోగ్యకరమైన కణజాలాన్ని కూడా పోలిక కోసం తీసుకుంటారు. రెండోది, ఎలుకలలో పెంచిన కణితి. మూడోది, పళ్లెంలో కణాలే అల్లుకున్న పలుచని మాతృక. ముక్క తాజాగా ఉండాలి, లేదా గడ్డకట్టించి నిల్వ చేసి ఉండాలి. ఫార్మలిన్‌లో ఉంచిన ముక్కలో ప్రొటీన్లు ఒకదానికొకటి బిగుసుకుపోతాయి కాబట్టి అది ఈ పనికి సరిపోదు.

కణాలను తొలగించే సాధనాలు మూడు విధాలు. భౌతిక సాధనాల్లో ముఖ్యమైనది పదేపదే గడ్డకట్టించి కరిగించడం. లోపల ఏర్పడిన మంచు స్ఫటికాలు కణత్వచాలను చీలుస్తాయి. రసాయన సాధనాల్లో డిటర్జెంట్లు ప్రధానం. సోడియం డోడెసిల్ సల్ఫేట్ కణాలను చాలా సమర్థంగా కడుగుతుంది, అయితే కొల్లాజెన్ అమరికను దెబ్బతీస్తుంది, చక్కెర గొలుసులను కూడా లాగేస్తుంది. ట్రైటాన్ ఎక్స్-100 దానికంటే సౌమ్యమైనది, దట్టమైన కణజాలంలో దాని శక్తి చాలదు. సోడియం డీఆక్సీకోలేట్‌ను కూడా విరివిగా వాడతారు. ఉప్పు సాంద్రతను ఒకసారి తగ్గించి, ఒకసారి పెంచి కణాలు ఉబ్బి పగిలేలా చేయడం మరో మార్గం. జీవ సాధనాల్లో డీఎన్‌ఏను ముక్కలు చేసే డీఎన్ఏజ్, కణాల పట్టును విడిపించే ట్రిప్సిన్ వంటి ఎంజైములు ఉన్నాయి. కణం పగిలినప్పుడు బయటపడే డీఎన్‌ఏ జిగురుగా నారలకు అంటుకుంటుంది కాబట్టి డీఎన్ఏజ్ దాదాపు తప్పనిసరి. చివరగా డిటర్జెంట్ ఆనవాళ్లు పోయేదాకా రోజుల తరబడి కడుగుతారు. డిటర్జెంట్ మిగిలితే తర్వాత వేసే కణాలు చచ్చిపోతాయి.

చిన్న ముక్కలను ద్రావణంలో ముంచి కదుపుతూ ఉంచితే సరిపోతుంది. మొత్తం అవయవానికైతే రక్తనాళాల గుండా ద్రావణాన్ని పంపడం మేలు. కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయంలో జానీన్ ఎర్లర్ బృందం 2017లో ఈ రెండో మార్గాన్ని కణితుల దాకా తీసుకెళ్లింది. ఎలుక శరీరంలో కణితి ఉన్న చోటనే, దానికి రక్తం అందించే నాళాల ద్వారా ద్రావణాన్ని పంపి కణాలను తొలగించారు. తొలి కణితి మాతృకనూ, అది పాకిన చోట ఏర్పడిన మాతృకనూ చెక్కుచెదరకుండా మూడు కొలతల్లో చూడటం దీనివల్ల సాధ్యమైంది. ఈ పద్ధతికి ఐఎస్‌డాట్ అని పేరు.

నాణ్యత పరీక్షలు

కణాలు నిజంగా పోయాయా, మాతృక నిజంగా మిగిలిందా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మొదటిదానికి 2011లో బాడిలాక్ బృందం సూచించిన ప్రమాణాలను విస్తృతంగా పాటిస్తున్నారు. ఎండిన మాతృక ఒక మిల్లీగ్రాములో రెండు పోగుల డీఎన్‌ఏ 50 నానోగ్రాములకు మించకూడదు. మిగిలిన డీఎన్‌ఏ ముక్కల పొడవు 200 బేస్ జతల లోపే ఉండాలి. రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే కేంద్రకాలు కనిపించకూడదు. రెండో ప్రశ్నకు ఒకే కొలమానం లేదు. కొల్లాజెన్, చక్కెర గొలుసుల పరిమాణాన్ని రసాయనికంగా కొలుస్తారు. నారల అమరికను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో, గట్టిదనాన్ని అటామిక్ ఫోర్స్ సూక్ష్మదర్శినితో పరిశీలిస్తారు. ఏయే ప్రొటీన్లు మిగిలాయో మాస్ స్పెక్ట్రోమెట్రీ చెబుతుంది.

వాడే రూపాలు

కణరహిత మాతృకను ప్రధానంగా మూడు రూపాల్లో వాడతారు. ముక్కను ఉన్నదున్నట్టు వాడితే సహజమైన అల్లిక దక్కుతుంది, అయితే కణాలు లోపలి దాకా సమానంగా చేరడం కష్టం. దాన్ని ఎండబెట్టి పొడిచేసి, పెప్సిన్ ఎంజైముతో ఆమ్ల ద్రావణంలో కరిగిస్తే రెండో రూపం వస్తుంది. ఈ ద్రావణం ఆమ్లత్వాన్ని తొలగించి 37 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేస్తే జెల్‌గా గడ్డకడుతుంది. జెల్‌లో కణాలను కలపడం సులువు, ఒకే ముక్కతో అనేక పరీక్షలు చేయవచ్చు. నారల సహజ అమరిక మాత్రం పోతుంది. మూడోది బయోప్రింటింగ్ సిరా. దక్షిణ కొరియా పరిశోధకులు 2019లో కణాలు తొలగించిన పంది మెదడు మాతృకను సిరాగా వాడి, గ్లియోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్‌ను చిప్ మీద ముద్రించారు. రోగుల నుంచి తీసిన కణాలు, రక్తనాళ కణాలు, లోపలికి పోయేకొద్దీ తగ్గే ఆక్సిజన్ అన్నీ అందులో ఉన్నాయి. రేడియేషన్, టెమోజోలమైడ్ అనే మందు కలిపి ఇచ్చినప్పుడు ఏ రోగి కణితి ఎంతవరకు మొండికేస్తుందో ఆ చిప్ చూపించగలిగింది.

పరిశోధనలో తేలిన విషయాలు

మాతృకలోని ఏ ప్రొటీన్‌ను ఎవరు తయారుచేశారన్నది తొలి ప్రశ్నల్లో ఒకటి. మనిషి క్యాన్సర్ కణాలను ఎలుకలో పెంచి, ఆ కణితి మాతృకను మాస్ స్పెక్ట్రోమెట్రీతో విశ్లేషించినప్పుడు మనిషి ప్రొటీన్లను, ఎలుక ప్రొటీన్లను విడివిడిగా గుర్తించవచ్చు. హైన్స్ బృందం ఇలా చేసి, క్యాన్సర్ కణాలూ, చుట్టూ ఉన్న సాధారణ కణాలూ కలిసే మాతృకను కడతాయని నిరూపించింది. పాకే గుణం ఎక్కువున్న రొమ్ము కణితుల మాతృకలో దొరికిన ఎస్‌ఎన్‌ఈడీ1, ఎల్‌టీబీపీ3 అనే ప్రొటీన్లు వ్యాధి వ్యాప్తికి తోడ్పడతాయని 2014లో తేల్చింది.

పెద్దపేగు క్యాన్సర్‌లో ఈ నమూనాలు ఎక్కువగా ఫలించాయి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇర్విన్ శాఖ పరిశోధకులు 2017లో మామూలు పెద్దపేగు మాతృకను, కణితి మాతృకను పక్కపక్కన పోల్చారు. కణితి మాతృకలో క్యాన్సర్ కణాలు వేగంగా పెరిగాయి, శక్తి కోసం గ్లూకోజ్ విచ్ఛిన్నం మీద ఎక్కువగా ఆధారపడ్డాయి, రక్తనాళాల పెరుగుదల కూడా అధికమైంది. వేసిన కణాలు రెండింటిలోనూ ఒకటే కాబట్టి తేడాకు కారణం నేల అని తేలింది.

రోగనిరోధక కణాలను కూడా మాతృక మలుస్తుంది. పోర్చుగల్ పరిశోధకులు 2017లో పెద్దపేగు కణితి మాతృకలో మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలను పెంచారు. అవి కణితిని ఎదిరించే తీరులో కాక, మంటను అణచి కణితికి తోడ్పడే తరహా మ్యాక్రోఫేజ్‌లుగా మారాయి. సీసీఎల్18 అనే సంకేత ప్రొటీన్‌ను విడుదల చేసి, క్యాన్సర్ కణాలు చొచ్చుకుపోవడానికి దోహదం చేశాయి. కణితి కణం ఒక్కటీ లేని చోట ఈ మార్పు జరగడం గమనించదగ్గ సంగతి. కణాలు పోయాక కూడా అల్లికలో వాటి ఆజ్ఞ మిగిలే ఉంది.

స్థూలకాయానికీ రొమ్ము క్యాన్సర్‌కూ ఉన్న సంబంధంలో మాతృక పాత్రను అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం 2020లో వెల్లడించింది. స్థూలకాయ ఎలుకల క్షీరగ్రంథుల నుంచి తీసిన కణరహిత మాతృకపై ట్రిపుల్ నెగెటివ్ రొమ్ము క్యాన్సర్ కణాలు ఎక్కువగా చొచ్చుకుపోయాయి. అందుకు ఆరో రకం కొల్లాజెన్ ఒక ముఖ్య కారణమని గుర్తించారు.

వ్యాధి పాకే దశలను చూడటానికి ఊపిరితిత్తులు అనువైనవి. హ్యూస్టన్ మెథడిస్ట్‌లో మిన్ కిమ్ బృందం 2012 నుంచి కణాలు తొలగించిన ఎలుక ఊపిరితిత్తుల్లో మనిషి ఊపిరితిత్తి క్యాన్సర్ కణాలను పెంచి, నాళాల గుండా పోషక ద్రవాన్ని ప్రవహింపజేసింది. కణాలు గడ్డలు కట్టాయి, కొన్ని ప్రవాహంలోకి జారాయి. తొలి కణితిని, ప్రవాహంలో తిరిగే కణాన్ని, మరో చోట మొలిచిన కణితిని ఒకే నమూనాలో చూసే వీలు దీనితో కలిగింది.

మందుల పరీక్ష, రోగికి తగిన చికిత్స

రోగి సొంత కణితి మాతృకలో మందులను పరీక్షించడం ఈ రంగంలో ఎక్కువ ఆశ రేపుతున్న ఉపయోగం. మాతృక మందుకు మూడు విధాలుగా అడ్డుపడుతుంది. దట్టమైన నారలు మందు చొరబాటును ఆపుతాయి. ఇంటిగ్రిన్ల ద్వారా అందే సంకేతాలు కణాన్ని చావు నుంచి తప్పిస్తాయి. గట్టిదనం కణాన్ని చొచ్చుకుపోయే, మూలకణంలాంటి స్థితికి నెడుతుంది. ప్లాస్టిక్ పళ్లెంలో ఈ మూడూ కనిపించవు. అందువల్ల అదే కణం కణరహిత మాతృకలో మందును ఎక్కువగా తట్టుకోవడం తరచుగా కనిపించే ఫలితం.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో గోరాన్ లాండ్‌బెర్గ్ బృందం రొమ్ము క్యాన్సర్ రోగుల కణితుల నుంచి ఇలాంటి పందిళ్లను తయారుచేసి, ప్రతిదానిలో ఒకే రకం ప్రామాణిక క్యాన్సర్ కణాలను పెంచింది. ఏ రోగి పందిట్లో పెరిగాయన్న దాన్నిబట్టి ఆ కణాల తీరు మారింది. ఆ మార్పులకు రోగుల వ్యాధి లక్షణాలతో సంబంధం ఉందని 2020లో ప్రచురించారు. కణాలను కొలమానంగా పెట్టి, రోగి కణితిలోని నేల ఎంత ప్రమాదకరమో కొలవడం అన్నమాట.

మాతృకపైనే గురిపెట్టే చికిత్సలు

మాతృక వ్యాధికి తోడ్పడితే దాన్నే దెబ్బతీయవచ్చు కదా అన్న ఆలోచన సహజం. ఇక్కడి అనుభవం మాత్రం చేదుది. హయలురోనిక్ ఆమ్లాన్ని కరిగించి మందుకు దారి చేసే పెగ్‌పీహెచ్20 అనే ఎంజైము ఎలుకల క్లోమ క్యాన్సర్‌లో బాగా పనిచేసింది. 2019లో వెల్లడైన మూడో దశ ట్రయల్‌లో రోగుల ఆయుష్షును పెంచలేకపోయింది. లైసిల్ ఆక్సిడేజ్ కుటుంబంలోని ఒక ఎంజైముపై ప్రయోగించిన సిమ్‌టుజుమాబ్ కూడా క్లోమ క్యాన్సర్ ట్రయల్‌లో ఫలితం ఇవ్వలేదు. మాతృక కొన్నిచోట్ల కణితికి కోట, మరికొన్నిచోట్ల కణితిని కట్టడి చేసే కంచె. ఏది ఎప్పుడు కోటో, ఎప్పుడు కంచో తెలియకుండా కూల్చితే మేలు జరుగుతుందన్న భరోసా లేదు. మనిషి కణితి మాతృకను విడిగా పరీక్షించే నమూనాలు అవసరం కావడానికి ఇదే బలమైన కారణం.

మాతృకను శత్రువుగా కాక గురుతుగా వాడే మార్గం వేరు. ఫైబ్రోనెక్టిన్‌లోని ఈడీబీ అనే భాగం ఆరోగ్యకరమైన పెద్దవారి కణజాలంలో దాదాపు కనిపించదు, కణితి రక్తనాళాల చుట్టూ ఉంటుంది. దాన్ని పట్టుకునే ఎల్19 ప్రతిరక్షకానికి మందును తగిలించి కణితి దగ్గరే విడుదల చేసే చికిత్సలు మనుషుల్లో పరీక్షల దశకు చేరాయి.

పరిమితులు

ప్రతి డీసెల్యులరైజేషన్ పద్ధతీ కణాలతో పాటు మాతృకలో కొంత భాగాన్ని కూడా కోల్పోతుంది. ముఖ్యంగా కరిగిపోయే వృద్ధి కారకాలు, చక్కెర గొలుసులు తగ్గుతాయి. ఒక్కో ప్రయోగశాల ఒక్కో పద్ధతి వాడటం వల్ల ఫలితాలను పోల్చడం కష్టమవుతోంది. ఒకే రోగి కణితిలోనే అంచుకూ మధ్యకూ తేడా ఉంటుంది కాబట్టి ఒక ముక్క మొత్తం కణితికి ప్రతినిధి అనలేము. శస్త్రచికిత్సకు ముందు కీమోథెరపీ తీసుకున్న రోగి మాతృక చికిత్స వల్లే మారి ఉండవచ్చు. చిన్న బయాప్సీ ముక్కలు ప్రయోగాలకు చాలవు. తయారీకి, కణాలు పెరగడానికి రోజులు, వారాలు పడతాయి; చికిత్స కోసం ఎదురుచూస్తున్న రోగికి అంత వ్యవధి ఉండకపోవచ్చు. చట్రంలో ఒకటి రెండు రకాల కణాలనే పెంచితే నిజమైన కణితిలోని ఫైబ్రోబ్లాస్టులు, రక్తనాళ కణాలు, రోగనిరోధక కణాల సంభాషణ అందులో వినిపించదు.

భారతదేశంలో

కణరహిత మాతృకతో పనిచేసే నైపుణ్యం తెలుగు నేల మీదా ఉంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి, మనిషి కార్నియా నుంచి కణాలు తొలగించిన మాతృకను, మూలకణాలను వాడి 3డీ పద్ధతిలో కార్నియాను ముద్రించినట్టు 2022లో ప్రకటించాయి. అది క్యాన్సర్ పరిశోధన కాకపోయినా పద్ధతి మూలం ఒకటే. కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలకు కేంద్ర ప్రభుత్వం 2023లో చేసిన సవరణ మందుల పరీక్షలో జంతువులకు బదులుగా కణ నమూనాలు, ఆర్గనాయిడ్లు, చిప్ మీది అవయవాల వంటి పద్ధతులకు చోటిచ్చింది. అమెరికాలో ఇలాంటి మార్పు 2022 డిసెంబరులో చట్టమైంది. మనిషి కణజాలంతో చేసే నమూనాలకు ఈ మార్పులు ఊతమిస్తాయి. రోగి సమ్మతి, నైతిక సంఘం అనుమతి మాత్రం ప్రతి ముక్కకూ తప్పనిసరి.

కణరహిత కణితి మాతృక ఈనాటికి పరిశోధన సాధనమే, ఆసుపత్రిలో వాడుకలో ఉన్న పరీక్ష కాదు. అది కావాలంటే అందరూ పాటించే ఒక తయారీ పద్ధతి, పెద్ద సంఖ్యలో రోగుల చికిత్సా ఫలితాలతో పోల్చి చూసిన ఆధారాలు కావాలి. అయినా విత్తనాన్ని నేల నుంచి విడదీసి, నేలను నేలగా పరీక్షించే వీలును ఇంత నేరుగా ఇచ్చిన పద్ధతులు అరుదు. పేజెట్ శవపరీక్షల లెక్కల్లో ఊహించిన ఆ నేలను, శస్త్రచికిత్సలో తీసేసిన తమ గడ్డను పరిశోధనకు ఇవ్వడానికి ఒప్పుకున్న రోగుల వల్ల శాస్త్రజ్ఞులు ఇప్పుడు చేతిలో పెట్టుకుని చూడగలుగుతున్నారు.